వంకర మొలకలు

వంద చిక్కుడు గింజలు మొలిచాయో లేదో చూడటానికి ఇంత చదువెందుకే అని అత్తగారు అడిగిన రోజున మొలకలమ్మకి ఒళ్ళు మండింది గానీ, ఆలోచిస్తే పెద్దావిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. బయటినుంచి చూసేవాళ్ళకి ఆ పని అలాగే ఉంటుంది. తడిపిన మందపాటి కాగితం మీద వంద గింజలు వరసగా పేర్చడం, కాగితాన్ని చాపలా చుట్టేసి వెచ్చటి పెట్టెలో నిలబెట్టడం, తొమ్మిదో రోజున విప్పి లెక్కపెట్టడం. ఈ మాత్రానికి పరిశోధన అని పేరు, పైగా చివర్లో ఒక డిగ్రీ.

చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది. గింజ పగిలి తోక బయటికి వస్తే చాలదు. వేరు తిన్నగా దిగాలి, కాడ నిటారుగా లేవాలి. కాడ మెలిపడినా, వేరు మొన మాడిపోయి మొండిగా ఆగినా దాన్ని వంకర మొలక అంటారు. వంకర మొలక తడి కాగితంలో రాజాలాగే ఉంటుంది గానీ మట్టిలో పెడితే పైకి రాలేదు. అందుకని అది మొలిచినా మొలవనట్టే లెక్క. బాగున్న మొలకలు ఒక కుప్ప, వంకరవి ఒక కుప్ప, అసలు కదలని గింజలు ఒక కుప్ప. ఏది ఏ కుప్పలో పడాలో తేల్చేది యంత్రం కాదు, మనిషి కన్ను. ఆ కన్ను సంపాదించడానికి మొలకలమ్మకి నాలుగేళ్ళు పట్టింది.

ఆవిడకి నలభై రెండేళ్ళు. మొలకలమ్మ అన్న పేరు ప్రయోగశాలలో సీసాలు కడిగే ఆయన పెట్టింది, అక్కడ అందరికీ అదే అలవాటైపోయింది. పదిహేనేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, పిల్లలు కాస్త చేతికందాక, ఉన్న ఉద్యోగం మానేసి పరిశోధనలో చేరతానని బయల్దేరింది. ఈ వయసులో ఏం పరిశోధన అని నలుగురు ప్రొఫెసర్లు మర్యాదగా తలుపేశారు. ఐదో తలుపు సార్‌ది. ఆయన ఆవిడ వయసు అడగలేదు. ఒక చుట్ట విప్పి ముందు పెట్టి, వీటిలో నీకు నచ్చనివి ఏరమన్నారు. ఆవిడ ఏరింది. "బడిలో పిల్లల చేతిరాత దిద్దేదానివా?" అని అడిగి, రేపటినుంచి రమ్మన్నారు. ఆ ఒక్క మాటకి ఆవిడ ఆయన్ని జన్మంతా నెత్తిన పెట్టుకోవడానికి సిద్ధపడింది.

ఆ గది కూడా ఆవిడకి అలాగే నచ్చింది. తడి కాగితం వాసన, వెచ్చటి పెట్టె సన్నటి హోరు, కిటికీ పక్కన తెల్లటి రాతి బల్ల. ఇంట్లో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు, బడిలో నలభైమంది ఒకేసారి పిలిచేవాళ్ళు. ఇక్కడ గింజలు పిలవవు. తొమ్మిదో రోజున చుట్ట విప్పుతుంటే లోపల ఆకుపచ్చగా కనిపించే ఆ మొదటి క్షణం కోసం ఆవిడ ముందురోజు నుంచే సరదాపడేది. నన్నడిగితే చేసే పనిలో ఇంత సుఖం దొరికినవాళ్ళు వీధికొకరు కూడా ఉండరు.

సార్‌కి ఒక కషాయం ఉంది. ఏదో ఆకు మరగబెట్టి వడకట్టిన నీళ్ళు. దాంట్లో గింజల్ని ఒక పూట నానబెట్టి విత్తితే మామూలు నీళ్ళలో నానినవాటికంటే ఎన్నో ఎక్కువ మొలుస్తాయని ఆయన నమ్మకం. పదకొండేళ్ళు ఆ కషాయం చుట్టూనే తిరిగారు. మొలకలమ్మ చేరడానికి ముందు ఏడాది ఫలితం రానే వచ్చింది. మామూలు నీళ్ళవి వందకి డెబ్బై, కషాయంవి వందకి తొంభై రెండు. ఆ తొంభై రెండుని ఆయన ఎన్ని సభల్లో చెప్పారో లెక్కలేదు. దాన్నే మళ్ళీ మళ్ళీ చేసి చూసి, థీసిస్‌గా రాయడం మొలకలమ్మ పని.

ఆవిడ చేసింది. మూడు వేర్వేరు ఏళ్ళలో పండిన గింజలతో, ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి. ఎప్పుడు చేసినా మామూలు నీళ్ళవి డెబ్బై, డెబ్బై ఒకటి. కషాయంవి డెబ్బై రెండు, డెబ్బై మూడు. తొంభై కనుచూపు మేరలో లేదు. మొదటి ఏడాది తన చేతివాటం కుదరలేదనుకుంది. రెండో ఏడాది కషాయం మరగడం చాల్లేదనుకుంది. మూడో ఏడాదికి అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఉన్నది ఉన్నట్టు రాసి, గుండె రాయి చేసుకుని ఒక శుక్రవారం ఉదయం థీసిస్ కాగితాలు, రిజిస్టరు తీసుకెళ్ళి సార్ బల్ల మీద పెట్టింది.

సార్ రిజిస్టరుని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చదివారు. గదిలో వెలుతురు సరిగ్గా లేదని విసుక్కున్నారు. ఆ గదిలో బల్బు ఆ ఏడాది మూడుసార్లు మార్చారు, అయినా ఆయనకి వెలుతురు చాలడం లేదు. చదివాక రిజిస్టరు మూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నీ లెక్క మరీ చాదస్తంగా ఉందమ్మాయ్. కాస్త వంగినవాటిని కూడా తీసి పారేస్తున్నావు" అన్నారు.

వంగినవి కాదు, మెలిపడినవే తీశానని ఆవిడ చెప్పబోయింది. ఆయన చెప్పనివ్వలేదు. తాను ముప్ఫై ఏళ్ళుగా మొలకలు చూస్తున్నానని, నాలుగేళ్ళ కన్ను వచ్చి ముప్ఫై ఏళ్ళ కన్నుకి పాఠం చెప్పడమేమిటని అన్నారు. అలా అంటున్నంతసేపూ గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచితేనే బాగుండేదని ఆవిడకి అనిపించింది.

"చిన్న చిన్న వంకరలు బాగున్నవాటిలో కలిపెయ్. తొంభైకి అటూ ఇటూగా ఒక అంకె వెయ్యి. సోమవారం తీసుకురా, సంతకం పెట్టేస్తాను."

"నేను చూసింది డెబ్బై మూడు, సార్."

"మూడు నెలల్లో నేను రిటైరవుతున్నాను. ఈ లెక్కతో అయితే నేను సంతకం పెట్టలేను. ఇంకో గైడ్‌ని వెతుక్కో, ఇంకో విషయం వెతుక్కో, మళ్ళీ నాలుగేళ్ళు మొదలుపెట్టు. అది నీకు సమ్మతమైతే నాకేం అభ్యంతరం లేదు."

మొలకలమ్మ బయటికి వచ్చింది. బెదిరించినవాడు పరాయివాడైతే నాలుగు తిట్టుకుని మనసు తేలికపరుచుకోవచ్చు. ఈయన్ని తిట్టుకోవడానికి కూడా నోరు రాలేదు. ఐదో తలుపు తెరిచిన మనిషి.

ఇంటికి వచ్చి మొగుడితో చెప్పింది. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. పొద్దుటి డ్యూటీకి పోయేముందు ఈ నాలుగేళ్ళూ ఆవిడకి అన్నం డబ్బా కట్టింది ఆయనే, ఆ డబ్బాలకి తనకి ఎవరూ డిగ్రీ ఇవ్వడం లేదని వారానికి ఒకసారైనా వాపోతాడు. అంతా విని, రాసేస్తే గింజలేమైనా కేసు పెడతాయా అని అడిగాడు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు ఆయన కూడా నవ్వు ఆపేశాడు.

"నాలుగేళ్ళు పోతే పోనీలే అనడం నాకు తేలికే. పోయేవి నీవి. రాసినా నేనేమీ అనుకోను, రాయకపోయినా డబ్బా కడతాను. అంతకంటే నాకు తెలీదు" అన్నాడు.

ఆ రాత్రి ఆవిడ మంచం మీద ఇటు దొర్లి అటు దొర్లి, తెల్లారాక ఒక నిర్ణయానికి వచ్చింది. అది అంత గొప్ప నిర్ణయమేమీ కాదు. సార్ చెప్పినట్టు ఒక్కసారి లెక్కపెట్టి చూస్తే పోయేదేముంది అనుకుంది. చూసినంత మాత్రాన రాసినట్టు కాదు కదా అని తనకి తానే నచ్చజెప్పుకుంది. మనసు ఇలాంటి పనులకి దారులు వెయ్యడంలో మహా గట్టిది, మొలకలమ్మ మనసు మాత్రం ఏం తక్కువ తిన్నది.

శనివారం ప్రయోగశాలలో ఎవరూ లేరు. తొమ్మిదో రోజు పడిన చుట్టలు రెండు వెచ్చటి పెట్టెలో సిద్ధంగా ఉన్నాయి, కషాయంది ఒకటి, మామూలు నీళ్ళది ఒకటి. ముందు కషాయం చుట్ట విప్పి, కళ్ళు సగం మూసుకున్నట్టుగా, మెలికల్ని పట్టించుకోకుండా, కాడ పైకి లేచిందల్లా బాగున్నవాటిలో వేస్తూ పోయింది. తొంభై రెండు వచ్చింది.

అచ్చం సార్ అంకె. అంటే సార్ చెప్పిందే నిజమేమో, ఇంతకాలం తనదే చాదస్తమేమో, సోమవారంతో కష్టాలన్నీ తీరిపోతాయేమో. ఆ సంతోషంలో ఆవిడ రిజిస్టరు తెరిచి పెన్ను మూత కూడా తీసింది. తొంభై రెండు రాసే గడి పక్కనే మామూలు నీళ్ళ గడి ఖాళీగా ఉంది. దాన్నీ పూర్తి చెయ్యాలి గనక రెండో చుట్ట విప్పింది. అలాగే కళ్ళు సగం మూసుకుని లెక్కపెట్టింది.

తొంభై ఒకటి.

పెన్ను పక్కన పెట్టేసింది. వంకరల్ని వదిలేస్తే రెండు చుట్టల్లోనూ తొంభై పైనే. వంకరల్ని తీసేస్తే రెంటిలోనూ డెబ్బై పైనే. మరి ఆ పాత ఏడాదిలో ఒకటి డెబ్బై, ఒకటి తొంభై రెండు ఎలా వచ్చినట్టు? బీరువాలోంచి పాత రిజిస్టరు తీసింది. ఎన్నోసార్లు చూసిన పేజీయే, అంకెలు తప్ప ఎప్పుడూ వేరేది చూడలేదు. మామూలు నీళ్ళ గడిలో సన్నటి కుదురైన రాత. అది అప్పటి విద్యార్థిది, ఇప్పుడెక్కడో ఉద్యోగం చేసుకుంటున్నాడు. కషాయం గడిలో పెద్ద పెద్ద అక్షరాలు. అవి సార్‌వి. తన కషాయం మొలకల్ని సార్ ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదని, పురిటిగది బయట తండ్రిలా తొమ్మిదో రోజున పొద్దున్నే వచ్చి కూర్చునేవారని సీసాలాయన చెప్పడం గుర్తుంది. ముద్దుకొద్దీ చేసిన పని. ఒక చుట్ట ఒకరు, ఇంకో చుట్ట ఇంకొకరు లెక్కపెట్టారు. ఆ ఇరవై రెండు మొలకల తేడా ఇద్దరు మనుషుల కళ్ళ మధ్య ఉంది.

కానీ సార్ అంతటి మనిషి వంకరల్ని ఎందుకు వదిలేశారో ఆవిడకి అంతుపట్టలేదు. ఆయన మోసం చేశారని అనుకోవడానికి మనసొప్పలేదు. మోసం చేసేవాడు అన్ని సభల్లో అంత సంతోషంగా చెప్పలేడు.

దానికి జవాబు ఆదివారం అత్తగారి నోట వచ్చింది. కిందటేడు మొలకలమ్మ సార్‌ని వారం సెలవడిగి పెద్దావిడకి శుక్లాల ఆపరేషన్ చేయించింది. అప్పటినుంచీ అత్తగారు ఇల్లంతా తిరిగి మూలమూలా వేలితో రాసి చూస్తోంది, కోడలి ప్రాణం తీస్తోంది. ఆ రోజు కూడా కిటికీ ఊచలు రాసి చూసి, వేలు పైకెత్తి చూపించింది.

"నాకు కళ్ళు కనపడనప్పుడు ఈ ఇల్లు అద్దంలా ఉండేది. కళ్ళొచ్చాకే ఈ దుమ్మంతా వచ్చింది. నీకు బద్ధకం ఎక్కువైందే" అంది.

మామూలుగా అయితే మొలకలమ్మ ఏదో ఒకటి అంటించేది. ఆ రోజు ఊచలు తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముక్కుకి ఆనించుకుని చదవడం, మూడుసార్లు మార్చిన బల్బు, గుమ్మంలో నిలబడితే ఎవరది అని అడిగి గొంతు విన్నాక పేరు పెట్టి పిలవడం, అన్నీ ఒక్కసారి వరసకట్టాయి. సార్‌కి వంకరలు కనిపించడం లేదు. అప్పుడూ కనిపించలేదు. అత్తగారికి ఆ దుమ్ము కనిపించనట్టే.

తెలిసిపోయాక భయం తగ్గాలి గానీ ఇంకా పెరిగింది. అంకె తప్పు అని చెప్పడం ఒక ఎత్తు. లెక్కకి పేరుపడ్డ మనిషి దగ్గరికి వెళ్ళి నీకు చూపు లేదని చెప్పడం ఇంకో ఎత్తు. సంతకం మీద ఆశ ఏ మూలన ఉన్నా అది కూడా పోతుంది. పోనీ ఏమీ చెప్పకుండా వేరే గైడ్‌ని వెతుక్కుంటే? అప్పుడు ఆయన ఆ తొంభై రెండుని పట్టుకుని రిటైరై, జీవితాంతం దాన్నే చెప్పుకుంటూ తిరుగుతారు. ఎవరో ఒకరోజు నలుగురిలో నిలదీస్తారు. ఆ మాట ఎవరో పరాయివాళ్ళ నోట వినడం కంటే నా నోట వినడమే నయమని ఆవిడ అనుకుంది.

సోమవారం ఆవిడ రిజిస్టరుతో పాటు ఒక పళ్ళెంలో కషాయం చుట్ట కూడా తీసుకెళ్ళింది. అంకె వేశావా అని సార్ అడిగారు. వేసేముందు మీరొకసారి ఈ చుట్ట లెక్కపెట్టండి సార్ అంది. ఆయనకి సంతోషమేసింది. చాలా రోజుల తర్వాత ఎవరో తనని లెక్కపెట్టమన్నారు. చేతులు చాపి పళ్ళెం దగ్గరికి లాక్కుని, పెదాలు కదుపుతూ, చకచకా ఏరుతూ పోయారు. ఆ చేతుల వేగం చూస్తుంటే ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తొంభై మూడు. చూశావా మరి" అన్నారు, గెలిచినట్టుగా.

ఆవిడ ఆయన వేసిన మంచి కుప్పలోంచి ఒక మొలక తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని కిటికీ వైపు తిప్పి, దగ్గరికి తెచ్చుకుని, దూరం జరిపి, బాగానే ఉందన్నారు.

"చూడకండి సార్. వేలితో తడిమి చూడండి."

సార్ బొటనవేలు కాడ మీద కింది నుంచి పైకి మెల్లగా కదిలి, మధ్యలో ఆగింది. అక్కడ తాడు పురిలా మెలిక ఉంది. ఆవిడ ఇంకోటి పెట్టింది. ఆ తర్వాత ఇంకోటి. నాలుగోదానికి ఆయనే కుప్పలో చెయ్యి పెట్టి, తానే ఒక్కొక్కటీ తడుముకుంటూ పోయారు. ఆవిడ పాత రిజిస్టరు సంగతి చెప్పింది. ఒక చుట్ట ఆ అబ్బాయి, ఒక చుట్ట మీరు లెక్కపెట్టారని, తేడా గింజల్లో లేదని, ఆగకుండా చెప్పేసింది.

"నాకు కళ్ళు కనపడవంటావు" అన్నారు సార్.

ఆవిడ తల దించుకుంది.

"బయటికి వెళ్ళు."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆ రోజూ, మర్నాడూ సార్ గది తలుపు తెరుచుకోలేదు. డిగ్రీ అయిపోయిందని ఆవిడకి ఖాయమైపోయింది. తన బల్ల సొరుగులు ఖాళీ చేసి, రాతి బల్ల తుడిచి, మళ్ళీ బడిలో తీసుకుంటారేమో కనుక్కోవాలనుకుంది. దుఃఖం వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఆకలి మాత్రం వేసింది. మొగుడు కట్టిన డబ్బా పూర్తిగా తినేసి, సీసాలాయన తెచ్చుకున్నదాంట్లో కూడా సగం లాక్కుని తినేసింది. మనిషికి ఒక్కోసారి అంతా పోయాక ఒళ్ళు తేలికవుతుంది, అదేమిటో.

మూడో రోజు పొద్దున్న సార్ కబురు పంపారు. ఆవిడ వెళ్ళేసరికి ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"మీ అత్తగారికి ఆపరేషన్ చేసిన డాక్టరెవరు?"

ఆ తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడారు. చూపు మసకబారుతోందని కొన్నేళ్ళుగా తెలుసట. మొదట్లో కళ్ళజోడు మురికనుకున్నారు, తర్వాత వెలుతురు చాలదనుకున్నారు, ఆ తర్వాత అనుకోవడమే మానేశారు. మొలకలు చూసే మనిషికి కళ్ళు పోయాయంటే ఈ గదిలో తనకేం పనని భయపడ్డారట. తొంభై రెండు రాసిన రోజున మాత్రం అది నిజమనే రాశానని, మొన్న శుక్రవారం నిన్ను రాయమన్నప్పుడు అలా కాదని, లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉందని చెప్పారు. అది చెప్పేటప్పుడు మాత్రం కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నారు. అదే రోజు ఆయన చెబుతుంటే ఆవిడ ఆ సభలవాళ్ళందరికీ ఒక ఉత్తరం రాసింది. ఆ పాత ఫలితాన్ని మళ్ళీ పరీక్షిస్తున్నామని, అందాకా దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవద్దని. సంతకం చోటు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే ఆయన పెట్టారు.

ఆపరేషన్ విషయం తెలిసిన దగ్గర్నుంచీ అత్తగారు సార్‌కి రోజూ ఫోను చేసి, ఎటు తిరిగి పడుకోవాలో, తల ఎలా వంచకూడదో పాఠాలు చెప్పింది. నెల తిరిగేసరికి సార్ నల్ల కళ్ళజోడుతో ప్రయోగశాలకి వచ్చారు. గోడలు ఇంత మాసిపోయి ఉన్నాయేమిటని సీసాలాయన మీద విరుచుకుపడ్డారు. మొలకలమ్మని చూసి, నీకు ఇన్ని తెల్లవెంట్రుకలున్నాయని ఎవరూ చెప్పలేదే అన్నారు. అచ్చం మా అత్తగారేనని ఆవిడ నవ్వుకుంది.

వచ్చిన రోజే కొత్త గింజలు నానబెట్టించారు. వంద కషాయంలో, వంద మామూలు నీళ్ళలో. ముందు ఆవిడ లెక్కపెట్టాలి, ఆ తర్వాత ఆయన. ఆ తొమ్మిది రోజులూ ఆయన కుదురుగా కూర్చోలేదు. ఆవిడ మూడేళ్ళ లెక్కల్లో కషాయం ఎప్పుడూ ఒకటో రెండో ఎక్కువే చూపించింది కదా, దాన్ని పట్టుకుని వేలాడారు. వందకి రెండంటే తక్కువేమీ కాదు, ఊరంతటి పొలానికి లెక్కేస్తే ఎంతవుతుందో తెలుసా అని అడిగేవారు. ఆవిడ కూడా అవును సార్ అనేది. తొంభై రెండు పోయినా, ఈ రెండైనా ఆయనకి మిగిలితే బాగుండని లోలోపల అనుకునేది. పదకొండేళ్ళకి రెండు మొలకలు, మరీ పెద్ద కోరికేమీ కాదు.

తొమ్మిదో రోజు ఆవిడ లెక్కపెట్టింది. మామూలు నీళ్ళవి డెబ్బై ఒకటి. కషాయంవి డెబ్బై మూడు. రిజిస్టరులో రాసి, కుప్పల్ని కదపకుండా పళ్ళేలు సార్ ముందు పెట్టి, రెండు ఎక్కువే వచ్చాయి సార్ అని సంతోషంగా చెప్పింది.

సార్ మామూలు నీళ్ళ పళ్ళెం ముందు చూశారు. ఈసారి చేతులు చకచకా పోలేదు. ఒక్కో మొలకనీ ఎత్తి, తిప్పి, వేరు మొన దాకా చూసి దించారు. డెబ్బై ఒకటి, సరిగ్గా సరిపోయింది. తర్వాత కషాయం పళ్ళెం. అందులో ముప్ఫైల దగ్గర ఒకసారి ఆగి ఒక మొలకని పక్కన పెట్టారు. అరవై దాటాక ఇంకోటి పెట్టారు. అంతా అయ్యాక ఆ రెంటినీ ఆవిడ వైపు జరిపారు.

ఆవిడ వంగి చూసింది. రెంటికీ వేరు మొన గోధుమరంగుకి తిరిగి, మొండిగా ఆగిపోయి ఉంది. అదేమీ సూక్ష్మం కాదు. ఇప్పుడే చేరిన విద్యార్థి కూడా పట్టుకోగలిగినంత స్పష్టంగా ఉంది. ఆవిడ మొహం ఎర్రబడిపోయింది.

"మామూలు నీళ్ళ కుప్పలో ఒక్కటి కూడా నీ కన్ను దాటలేదు. నా కుప్పలోనే రెండు ఎందుకు దాటాయి?" అన్నారు సార్.

ఆవిడ తెలిసి చెయ్యలేదు సార్ అంది. అది నిజమే. కానీ ఎందుకు దాటాయో ఆ క్షణంలో ఆవిడకి తెలిసిపోయింది. ఈ ఒక్కసారే కాదు, మూడేళ్ళుగా దాటుతున్నాయి. మూడేళ్ళుగా ఆ ఒకటీ రెండూ కషాయంలోంచి రాలేదు, తన చేతిలోంచి వచ్చాయి. మీకు కాస్తయినా మిగలాలని అనుకున్నాను, అంతే సార్ అని మెల్లగా చెప్పింది.

సార్ నల్ల కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ కళ్ళు తడిగా ఉన్నాయి, అయినా ఆయన నవ్వుతున్నారు.

"నేను బెదిరించి ఇరవై అడిగితే ఇవ్వనన్నావు. నోరు తెరిచి అడక్కపోతే రెండు ఇచ్చేశావు. దీన్ని నేనెలా దిద్దనమ్మాయ్?"

ఆవిడ పెన్ను తీసుకుని కషాయం గడిలో డెబ్బై మూడు కొట్టేసి, పక్కన డెబ్బై ఒకటి రాసింది. మూడేళ్ళ కషాయం లెక్కల్ని పక్కన పెట్టి, ఈ ఒక్క లెక్కే థీసిస్‌లో ఉండాలని, ఆ పక్కన పెట్టిన కారణం కూడా రాయాలని ఇద్దరూ అనుకున్నారు. చివరి పేజీలో ఒక్క వాక్యం మిగిలింది, కషాయం వల్ల తేడా ఏమీ కనిపించలేదని. సార్ దాన్ని మామూలు దూరంలో పట్టుకుని రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టారు.